చిరుతిండీ, తల్లుల అజ్ఞానమూ

ఆ మధ్య పల్నాడులో ఒక ఊళ్ళో జరిగిన పోషకాహార సభకు వెళ్ళాను, మాట్లాడటానికి కాదు, వినటానికి. ఒక పెద్దమనిషి గంటసేపు మాట్లాడాడు. చదువుకున్నవాడు, నిజాయితీపరుడు కూడాను. ఆయన చెప్పినదాని సారాంశం ఇది: మన పసిపిల్లలు బక్కచిక్కి ఉండటానికి బీదరికం కన్న పెద్ద కారణం తల్లుల అజ్ఞానం. రోజూ పదో పదిహేనో బిస్కట్లకూ, చిప్సుకూ తగలేసే తల్లి, ఆ డబ్బుతోనే వేరుశనగపప్పూ బెల్లమూ కొని ఉండలు చేసి పెడితే బిడ్డ నిగనిగలాడుతూ ఉంటాడు. సభలో ఉన్న ఉపాధ్యాయులు తలలు ఊపారు.

అప్పుడు వెనక వరసలోనుంచి మిరపకోతలకు పోయే మనిషి ఒకావిడ లేచి అడిగింది: "అయ్యగారూ, ఉండలు చేసి డబ్బాలో పోసే పోతానండీ. తీసి పెట్టేదెవరండీ?"

"ఇంట్లో పెద్దవాళ్ళు లేరామ్మా?" అన్నాడాయన.

"మా అత్తా నేనూ ఒకే ముఠాలో పోతామండీ."

సభ నవ్వింది. ఉపన్యాసకుడూ నవ్వి, పళ్ళలో ఉండే విటమినుల మీదికి వెళ్ళిపోయాడు.

ఇందులో నవ్వవలసింది ఏమున్నదో నాకు బోధపడలేదు. ఆ సభలో శాస్త్రీయమైన ప్రశ్న ఏదైనా వచ్చిందంటే అది ఆ కూలిమనిషి వేసిందే. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పకపోవటం మరపువల్ల జరిగింది కాదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే పోషకాహారాన్ని గురించి మాట్లాడటం ఆపి కూలిని గురించీ, పని గంటలను గురించీ, ప్రభుత్వం చేయవలసిన ఖర్చును గురించీ మాట్లాడాలి. అంతకన్న తల్లులు అజ్ఞానులని తేల్చటం తేలిక. దానికి పైసా ఖర్చు లేదు.

ముందుగా "చిరుతిండి" అనే మాటను గురించి. పెద్దవాళ్ళ విషయంలో చిరుతిండి అంటే అదనపు తిండి. రెండుపూటలా భోంచేసినవాడు మధ్యలో నాలుగు జంతికలు నమిలితే అది సరదా. మానేస్తే వచ్చే నష్టమేమీ లేదు. ఈ అర్థాన్నే మనవాళ్ళు తీసుకుపోయి ఏడాది బిడ్డకు తగిలిస్తున్నారు. ఏడాది బిడ్డకు చిరుతిండి సరదా కాదు. వాడి కడుపు చిన్నది, వాడి అవసరం పెద్దది. తల్లిపాలు తాగుతూనే ఉన్న బిడ్డకు సైతం పై ఆహారంద్వారా ఆరునుంచి ఎనిమిది నెలల మధ్య రోజుకు సుమారు 200 కెలరీలు, తొమ్మిదినుంచి పదకొండు నెలల మధ్య 300, ఏడాది దాటినప్పటినుంచి రెండేళ్ళదాకా 550 కావాలని లెక్క కట్టారు. దీన్ని రెండుపూటల్లో కుక్కటానికి వీల్లేదు. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు రోజుకు మూడు నాలుగుసార్లు భోజనమూ, ఆ మధ్యమధ్య ఒకటి రెండుసార్లు చిరుతిండీ పెట్టాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పేది అందుకే. అంటే రోజుకు అయిదారుసార్లు ఎవరో ఒకరు కూచుని, గిన్నె కడిగి, మెదిపి, బుజ్జగించి, బిడ్డ నోట్లో పెట్టాలి. మన భాషలో "పెట్టటం" అనే క్రియ ఊరికే రాలేదు. పసిబిడ్డ తినడు, వాడికి ఎవరో పెట్టాలి. ఉండల డబ్బా అటకమీద ఉంటే బిడ్డ కడుపులో ఉన్నట్టు కాదు.

ఇప్పుడు తల్లి దినచర్య చూడండి. మిరపకోతల రోజుల్లో తెల్లవారుజామున లేచి వంటచేసి, ఏడున్నర ఎనిమిదికల్లా ఆటో ఎక్కుతుంది. పొద్దు వాలిన తరవాత ఇల్లు చేరుతుంది. కర్నూలు జిల్లా పడమటి ఊళ్ళనుంచి సుగ్గికి వచ్చేవాళ్ళయితే పిల్లలను కూడా వెంట తెచ్చుకుంటారు. పొలం గట్టుమీద ఒక ముసలమ్మో, ఎనిమిదేళ్ళ ఆడపిల్లో చంటిపిల్లలను చూస్తూ ఉంటుంది. ఆ ఎనిమిదేళ్ళ పిల్ల బడి మానుకున్నదన్న సంగతి మరో వ్యాసానికి వస్తువు. ఆమె మెదిపి పెట్టగలిగింది ఏమిటి? పొయ్యి లేదు, నీళ్ళు క్యానులో ఉంటాయి, పొద్దున వండిన అన్నం మధ్యాహ్నానికి వాసన వేస్తుంది. ప్యాకెట్టు చింపితే బిస్కట్టు ఉంటుంది. అది పాడుకాదు, కారదు, కడగనక్కరలేదు, బిడ్డ స్వయంగా పట్టుకుని చప్పరిస్తాడు, పది నిమిషాలు ఏడవడు. పదార్థంగా అది ఎంత పనికిరానిదైనా, ఆ తల్లి ఉన్న పరిస్థితిలో అది పనిచేస్తున్నది. కంపెనీవాడు అమ్ముతున్నది పిండీ పంచదారా అని మనం అనుకుంటున్నాం. వాడు అమ్ముతున్నది తల్లికి లేని తీరిక. అయిదు రూపాయలకు పావుగంట తీరిక దొరుకుతున్నప్పుడు కొనటం అజ్ఞానం కాదు. కొనకపోవటానికే ఆమె దగ్గర కారణం లేదు.

దీని అర్థం ఆ ప్యాకెట్టు మంచిదని కాదు. మామూలు గ్లూకోజు బిస్కట్టులో బరువుకు నాలుగోవంతు పంచదార. మిగతాది మైదా, పామాయిలు. రెండేళ్ళలోపు పిల్లలకు ఉప్పూ, పంచదారా జాస్తిగా ఉన్న తిండి అసలు పెట్టవద్దనీ, తీపి పానీయాలు తాగించవద్దనీ ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. మన పల్లెల్లో బిస్కట్టును టీలో ముంచి పెడతారు. ఇది రెండో అన్యాయం. టీలో ఉండే పదార్థాలు తిండిలోని ఇనుమును ఒంటబట్టనివ్వవు. ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 63 మందికీ, తెలంగాణలో 70 మందికీ రక్తహీనత ఉన్నట్టు 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అందులోనూ ఆరునెలలనుంచి రెండేళ్ళ మధ్య, అంటే సరిగ్గా ఈ బిస్కట్టు చప్పరించే వయసులోనే, అది అత్యధికంగా ఉన్నది. రంగుల గొట్టాలూ, మసాలా చిప్సూ ఏడాది పిల్లలు కూడా తింటున్నారు. వాటి విషయం వేరే చెప్పనక్కరలేదు. అన్నిటికన్న పెద్ద హాని, ఆ ప్యాకెట్టు చేసేదానికన్న చేయనివ్వని దానిలో ఉన్నది. బిడ్డ ఆకలి చచ్చిపోతుంది. సాయంత్రం తల్లి వచ్చి అన్నం కలిపితే రెండు ముద్దలు తిని తల తిప్పుకుంటాడు. "మావాడు అన్నం ముట్టడండీ, బిస్కట్టయితే తింటాడు" అని ఆమె చెప్పేది ఈ సంగతే.

ఇక్కడ ప్రత్యర్థులకు నేను ఒకటి ఒప్పుకోవాలి. తెలియనితనం లేదని నేను అనటం లేదు. అదే సర్వే ప్రకారం దేశంలో ఆరునెలలనుంచి రెండేళ్ళలోపు పిల్లల్లో తగినంత తిండి తింటున్నవారు నూటికి 11 మందే. ఆరునుంచి ఎనిమిది నెలల పిల్లల్లో తల్లిపాలతోపాటు గట్టి ఆహారం తింటున్నవారు సగానికి తక్కువ. డబ్బున్న ఇళ్ళలో కూడా ఈ లెక్కలు గర్వపడేటట్టు లేవు. ఆరునెలలు నిండగానే మెత్తని అన్నం, పప్పు, నూనె చుక్క మొదలుపెట్టాలనీ, నీళ్ళగంజి తిండి కాదనీ తెలియజెప్పటం అవసరమే. కాని విద్యావంతుల ఇళ్ళలో కూడా పరిస్థితి ఇంతే అయితే, అజ్ఞానం కూలితల్లుల ప్రత్యేక లక్షణం ఎట్లా అయింది? ఎం.ఏ. చదివిన తల్లి బిడ్డకు డబ్బాలోని పొడి కలిపి పెట్టి "డాక్టరుగారు చెప్పారు" అంటే అది ఆధునికత. అక్షరం రాని తల్లి బిస్కట్టు కొంటే అది మూఢత్వమా?

డబ్బాల ప్రసక్తి వచ్చింది గనక దాని కథ కొంచెం చెప్పుకోవాలి. 1930 దశకంలో ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్టులో, అంటే నేటి ఘానాలో, సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు క్వాషియోర్కర్ వ్యాధిని వర్ణించింది. తరవాతి బిడ్డ పుట్టటంతో తల్లి రొమ్ముకు దూరమైన పసివాడికి వచ్చే జబ్బు అని ఆ మాటకు అక్కడివారి అర్థం. ఆమే 1939లో సింగపూరు రోటరీ క్లబ్బులో మాట్లాడుతూ, పాలడబ్బాల ప్రచారంవల్ల చచ్చిపోతున్న పసివాళ్ళవి హత్యలేనని చెప్పింది. వింటున్నవారు వ్యాపారస్థులే! ఆ తరవాత నలభై ఏళ్ళకు గాని ప్రపంచం కదలలేదు. 1974లో బ్రిటనులో ఈ వ్యాపారంమీద ఒక చిన్న పుస్తకం వచ్చింది. 1977లో అమెరికాలో నెస్లే సరుకుల బహిష్కరణ మొదలైంది. 1981లో ప్రపంచ ఆరోగ్యసభ తల్లిపాల ప్రత్యామ్నాయాల అమ్మకానికి నియమావళి చేసింది. మన పార్లమెంటు 1992లో చట్టం చేసి, 2003లో దాన్ని మరింత బిగించి, రెండేళ్ళలోపు పిల్లల డబ్బాపాలకూ, డబ్బా ఆహారాలకూ ప్రకటనలు వేయటాన్ని నిషేధించింది. ప్రపంచంలో ఉన్న గట్టి చట్టాల్లో ఇదొకటి. దీన్ని సాధించినవారు తల్లులకు ఉపన్యాసాలిచ్చినవారు కాదు, కంపెనీలతో తలపడినవారు.

చట్టం ఉన్నా కంపెనీ కంపెనీయే. స్విట్జర్లాండుకు చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ 2024 ఏప్రిలులో ఒక సంగతి బయటపెట్టింది: నెస్లేవారు ఇండియాలో పసిపిల్లలకు అమ్మే సెరెలాక్‌లో ఒక్కొక్క మోతాదుకు సగటున సుమారు మూడు గ్రాముల పంచదార కలుపుతున్నారు, స్వదేశమైన స్విట్జర్లాండులో అమ్మే సరుకులో కలపటం లేదు. స్విస్ బిడ్డ నాలుకకు ఒక నీతీ, తెలుగు బిడ్డ నాలుకకు ఒక నీతీ! వలస పాలన 1947తో అయిపోయిందని అనుకునేవారు ఈ మూడు గ్రాముల పంచదారను చూడాలి. పంచదార తగ్గిస్తూనే వస్తున్నామని కంపెనీ సంజాయిషీ చెప్పింది. గొడవ అయిన తరవాత, అదే ఏడాది అక్టోబరులో, పంచదార కలపని రకాలు తెస్తున్నట్టు ప్రకటించింది. తేగలిగినవారు ముందే ఎందుకు తేలేదన్న ప్రశ్నకు సమాధానం బాలన్సుషీటులో ఉంటుంది, పోషకాహార శాస్త్రంలో ఉండదు.

అయితే ఈ చట్టం కాపలా కాసేది డబ్బాలకు. కిరాణాకొట్టు గుమ్మానికి దండల్లాగా వేలాడే అయిదురూపాయల ప్యాకెట్లకు కాపలా లేదు. ఎందుకంటే అవి "పసిపిల్లల ఆహారం" కావు, అందరూ తినేవి! బడి ఆవరణలోనూ, గేటునుంచి యాభై మీటర్ల లోపునూ కొవ్వూ పంచదారా ఉప్పూ జాస్తిగా ఉన్న తిళ్ళు అమ్మరాదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధన చేసింది. మంచిదే. కాని బిడ్డ ఎదుగుదల గిడసబారేది బడికి వచ్చాక కాదు, మొదటి రెండేళ్ళలో. ఆ రెండేళ్ళూ బిడ్డ ఉండేది ఇంట్లోనూ, పొలం గట్టుమీదా. అక్కడికి యాభై మీటర్ల నిబంధన రాదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కట్లమీద జి.ఎస్.టి. 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. చిప్సూ, చాక్లెట్లూ కూడా ఆ 5 శాతంలోకే వచ్చాయి. సామాన్యుడిమీద భారం తగ్గించామన్నారు. కోడిగుడ్డు ధర మాత్రం ఆరేడు రూపాయల దగ్గర ఆడుతూనే ఉన్నది. అయిదు రూపాయల నాణెంతో ఏది వస్తుందో, ఏది రాదో లెక్కలు తెలియని తల్లికి కూడా తెలుసు.

చిలీ దేశంలో 2016లో ఇంకో రకంగా చేశారు. పంచదారా, ఉప్పూ, కొవ్వూ మితిమీరి ఉన్న ప్యాకెట్లమీద నల్లని ఎనిమిది మూలల ముద్ర వేయించారు. అటువంటి వాటిని బళ్ళలో అమ్మనివ్వలేదు. పిల్లలను ఆకర్షించే బొమ్మలు వాటిమీద వేయరాదన్నారు. మన ఆహార భద్రతా సంస్థ 2022లో ముసాయిదా చేసి, ప్యాకెట్లకు నక్షత్రాలు ఇస్తామన్నది. అపాయ సూచన అడిగితే బహుమతి ఇస్తామన్నట్టున్నది. విషం పాళ్ళు ఎంతో చెప్పమంటే, ఈ విషానికి రెండు చుక్కలు, ఆ విషానికి మూడు చుక్కలు అనటం ఏమి శాస్త్రమో!

బిస్కట్టు వ్యాపారం మన పిల్లల పళ్ళెందాకా వచ్చిన సందర్భం ఒకటున్నది. ఉపాధ్యాయులకు అది గుర్తుండాలి. బళ్ళలో వండిన వేడి అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించింది. ఆరేళ్ళు తిరక్కుండానే, ఈ అన్నం తీసేసి పిల్లలకు బిస్కట్టు ప్యాకెట్లు పంచాలని బిస్కట్టు తయారీదారుల సంఘం పార్లమెంటు సభ్యులకు లేఖలు రాసింది. 29 మంది సభ్యులు ఆ కోరికను బలపరుస్తూ కేంద్ర విద్యామంత్రికి లేఖలు పంపారు. బిస్కట్టు శుభ్రం, బిస్కట్టు తూకం, బిస్కట్టులో విటమినులు కలిపి ఉంటాయి అని వారి వాదం. రాష్ట్రాలను అడిగితే దాదాపు అన్నీ వద్దన్నాయి. ప్రయత్నం అప్పటికి ఓడింది. ఈ ఉదంతంలో నన్ను ఆశ్చర్యపరిచేది వ్యాపారస్థుల ఆశ కాదు. అది వారి స్వభావం. 29 మంది ప్రజాప్రతినిధులకు బల్లమీద కూచుని అన్నం తింటున్న పిల్లల వరస కనిపించకుండా, ప్యాకెట్టుమీది అక్షరాలు కనిపించాయి. తల్లి బిస్కట్టు కొంటే అజ్ఞానమన్నవారెవరూ ఆ 29 మందిని అజ్ఞానులని అనలేదు.

ఇంతకూ, ప్యాకెట్టు వద్దనేవారందరూ మన పక్షం కాదు. వారిలో ఒక పెద్ద జట్టు పూర్వకాల భక్తులది. సున్నుండలూ, చిమ్మిలీ, నేతి అరిసెలూ, జొన్న పేలాలూ తిని మన పూర్వులు కొండల్లాగా ఉండేవారనీ, ఇంగ్లీషు చదువుతో వచ్చిన ఆడవాళ్ళ సోమరితనం పిల్లలను పాడుచేసిందనీ వీరంటారు. ఏ పూర్వులు? నేతితో సున్నుండ చుట్టుకోవటానికి పాడీ, మినుములూ ఉన్న ఇల్లు ఊరికి ఎన్ని ఉండేవి? మాలపల్లెలో, మాదిగపల్లెలో బిడ్డ ఉగ్గు గంజి ఉగ్గే. పుట్టిన బిడ్డకు ముర్రుపాలు పిండి పారబోసి, ఆముదమో తేనో నాకించిన సంప్రదాయం కూడా ఆ పూర్వులదే. ముర్రుపాలు బిడ్డకు మొదటి రక్షణ అనీ, ఏడాదిలోపు బిడ్డకు తేనె ప్రమాదమనీ మనకు చెప్పింది శాస్త్రం, నానమ్మ కాదు. చిరుధాన్యాల మాహాత్మ్యం ఇప్పుడు మూలమూలనా వినిపిస్తున్నది. జొన్న మంచి ధాన్యమే. కాని జొన్నతప్ప మరొకటి ఎరగని దక్కను బీదవారికి పెల్లాగ్రా వ్యాధి వస్తున్నదనీ, జొన్నలో హెచ్చుగా ఉండే లూసిన్ అనే పదార్థం దానికి కారణం కావచ్చుననీ హైదరాబాదులో పనిచేసిన గోపాలన్, శ్రీకాంతయ్య 1960లోనే రాశారు. జొన్నతోపాటు పప్పూ, పాలూ, మాంసమూ తినగలిగినవాడికి ఆ జబ్బు రాదు. బీదవాడి తిండిని పండగ చేసుకునేవారు, అది ఒక్కటే తినవలసివచ్చినప్పుడు ఏమవుతుందో చూడరు. అన్నట్టు, వేరుశనగపప్పు ఇమ్మనే పెద్దలకు ఒక మాట. గుళ్ళు గుళ్ళుగా అది చిన్నపిల్లల గొంతుకు అడ్డంపడి ప్రాణం తీస్తుంది. పొడి చేసి పెట్టాలి. ఆ పొడి చేసే పని కూడా ఒకరు చేయవలసిందే.

ఈ భక్తులకు దగ్గరి చుట్టాలు గుడ్డు వ్యతిరేకులు. అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు పెట్టే ప్రతిపాదనను 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి కాదన్నాడు. 2021లో కర్ణాటకలో బడిపిల్లలకు గుడ్డు పెడతామంటే మఠాధిపతులు అడ్డుపడ్డారు. గుడ్డు కన్న సులువుగా బిడ్డకు మెదిపి పెట్టగలిగిన, కల్తీ చేయటానికి వీలులేని, కాంట్రాక్టరు నీళ్ళు కలపలేని తిండి మరొకటి లేదు. తెలుగు రాష్ట్రాల్లో గుడ్డు ఇస్తున్నారు. ఆ మాటకు వస్తే మనం గర్వపడవచ్చు.

మనకు గర్వపడటానికి ఇంకొకటి ఉన్నది. జాతీయ పోషకాహార సంస్థ కూనూరునుంచి హైదరాబాదుకు వచ్చింది 1958లో. ఆ రోజుల్లో ప్రపంచమంతా మాంసకృత్తుల కరువు అని గోలపెడుతున్నది. పొడులూ, సత్తువపిండ్లూ కనిపెడుతున్నారు. మన బిడ్డకు ప్రత్యేకమైన పొడి అక్కరలేదనీ, ఇంట్లో తినే ఆ తిండినే కడుపునిండా పెడితే మాంసకృత్తులు కూడా చాలావరకు సరిపోతాయనీ, కొరత తిండి మొత్తానిదేననీ గోపాలన్ ప్రభృతులు హైదరాబాదునుంచి చెప్పారు. 1974 వచ్చేసరికి డొనాల్డ్ మెక్లారెన్ లాన్సెట్ పత్రికలో ఈ మాంసకృత్తుల గోలంతా పెద్ద అభాసు అని రాశాడు. ఆ సంస్థవారే "హైదరాబాద్ మిక్స్" అనేదాన్ని తయారుచేశారు: వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగపప్పు 10, బెల్లం 20. అన్నీ కొట్టులో దొరికేవే. 330 కెలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు. ఇందులో పేటెంటు లేదు, డబ్బామీద బొమ్మ లేదు. అందుకే టెలివిజనులో దాని ప్రకటన మీకు కనపడదు.

జ్ఞానం కొరత మనకు లేదనటానికి ఇది చాలు. ఆ జ్ఞానాన్ని బిడ్డ నోటిదాకా చేర్చే చెయ్యి లేదు. ఆ చెయ్యి ఎవరిది కావాలి? 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీ వ్యవస్థ ఈ ప్రశ్నకు సగం జవాబే చెప్పింది. మూడేళ్ళు దాటిన పిల్లలను కూచోబెట్టి అన్నం పెడుతున్నది. ఆరునెలలనుంచి మూడేళ్ళవరకు ఉన్న పిల్లకు, అంటే అందరికన్న అవసరం ఎక్కువగా ఉన్న పిల్లకు, ఇంటికి పొట్లం ఇచ్చి పంపుతున్నది. మన బాలామృతం అదే: గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, పంచదార. బిస్కట్టుకన్న ఎన్నో రెట్లు మేలు. కాని అదీ ప్యాకెట్టే. ఇంట్లో దాన్ని కలిపి పెట్టే మనిషి లేకపోతే పెద్దపిల్లలు గుప్పిళ్ళతో బుక్కుతారు, లేదా ఇంటిల్లిపాదీ రొట్టెలు చేసుకుని తింటారు. చంటిపిల్ల వాటా చంటిపిల్లకు దక్కదు. ప్రైవేటు కంపెనీ ఏ ఖాళీలోకి చొరబడిందో సర్కారువారి పొట్లం కూడా అదే ఖాళీ దగ్గర ఆగిపోతున్నది.

ఆ ఖాళీ పూడ్చేది శిశుసదనం. పనిచోటుకు దగ్గరగా, పని గంటలన్నీ తెరిచి ఉండే, పొయ్యీ నీళ్ళూ ఇద్దరు ఆయాలూ ఉన్న శిశుసదనం. ఇది కలలో మాట కాదు. ఢిల్లీలో కట్టడం కూలీల పిల్లలకోసం మీరా మహాదేవన్ 1969లోనే మొబైల్ క్రెషెస్ ప్రారంభించింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో శిశుసదనం ఉండేది. 2017లో సవరించిన ప్రసూతి చట్టంలో యాభైమంది పనిచేసే చోట ఉండేది. 2005 నాటి ఉపాధిహామీ చట్టంలో అయిదుగురు పసిపిల్లలుంటే ఒక మనిషిని పెట్టాలని ఉండేది. కాయితంమీద బిడ్డకు ఎప్పుడూ కాపలా ఉన్నది! మిరపచేను ఫ్యాక్టరీ కాదు గనక అక్కడ ఏ చట్టమూ లేదు. 2022లో "పాల్నా" పేరుతో కేంద్రంవారు 17,000 అంగన్‌వాడీలను శిశుసదనాలుగా కూడా నడుపుతామన్నారు. దేశంలో అంగన్‌వాడీలు దాదాపు 14 లక్షలు. నూటికి ఎన్ని అయ్యాయో ఉపాధ్యాయులు పిల్లలచేత లెక్క చేయించవచ్చు.

ఈ పని చేయవలసిన మనుషులను మన ప్రభుత్వాలు ఎట్లా చూస్తున్నాయో 2023 డిసెంబరులో చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు 42 రోజులు సమ్మె చేశారు. కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. దీనికి పేరు జీతం కాదు, గౌరవవేతనం. జనవరిలో ప్రభుత్వం వారిమీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. సమ్మె చేసినప్పుడు అత్యవసర సేవ, జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవ! 2022లో సుప్రీంకోర్టు వీరికి గ్రాట్యుటీ హక్కు ఉన్నదని చెప్పింది. అంటే వీరు పనివాళ్ళేనని కోర్టుకు తెలిసింది. ఆ 42 రోజుల్లో "పిల్లల తిండి ఆగిపోతున్నది" అని వ్యాసాలు రాసిన పెద్దలు ఆ తరవాత మళ్ళీ పిల్లల తిండిని గురించి రాయగా నేను చూడలేదు.

ఇక మన సంగతి. మన కథల్లో ఆకలికి కొదవ లేదు. కాని అది ఏడ్చే ఆకలి. ఏడవని ఆకలి, అంటే మధ్యాహ్నం బిస్కట్టు చప్పరించి గట్టుమీద నిద్రపోయిన బిడ్డ ఆకలి, మనకు వస్తువుగా కనపడలేదు. కడుపు నిండినట్టే ఉంటుంది, ఒళ్ళు మాత్రం ఎదగదు. రెండేళ్ళకు వాడి ఎత్తు ఎంత తక్కువో కొలబద్ద పెడితే తప్ప తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లల్లో 31 శాతం, తెలంగాణలో 33 శాతం ఇట్లా గిడసబారి ఉన్నారని సర్వే చెప్పింది. కరువులో చచ్చిపోయినవాడిని గుర్తుపట్టిన సాహిత్యం ఈ మూడోవంతు మందిని గుర్తుపట్టలేకపోయింది. మన రైతుకూలీ సంఘాలదీ అదే తీరు. కూలి రేటు గురించి గట్టిగా అడుగుతాం. పనిచోట చంటిపిల్లల సంగతి తీర్మానాల్లో చిట్టచివర, స్త్రీల విభాగం కింద, ఒక వాక్యం. ఉపాధ్యాయులం మరీ ఘోరం. నేను చెప్పిన ఆ సభ అయిన తరవాత పిల్లలకు తలా ఒక బిస్కట్టు ప్యాకెట్టు పంచారు. పంచినవారిలో నేనూ ఉన్నాను. ఒక తల్లి తన చంటిదానికోసం ఇంకోటి అడిగితే ఇచ్చాను కూడాను.

మిరపకోతలు జనవరికి ముమ్మరమవుతాయి. ఆ లోపల విద్యార్థులు చేయగల పని ఒకటున్నది. పల్నాడు, గుంటూరు, ఖమ్మం చేలగట్లమీద మూడేళ్ళలోపు పిల్లలు ఊరికి ఎందరుంటున్నారో, వారిని ఎవరు చూస్తున్నారో, పొద్దుటినుంచి సాయంత్రందాకా ఏమి తిన్నారో ఒక్కరోజు కూచుని రాసుకురావాలి. ఏ సర్కారు దగ్గరా ఈ లెక్క ఉన్నట్టు నాకు కనపడలేదు. కోత కూలితోబాటు ముఠాకు ఒక ఆయా కూలి కూడా ఆసామీ ఇవ్వాలనీ, పొయ్యి సామానూ గుడ్లూ అంగన్‌వాడీ నుంచి చేనుకు రావాలనీ అడగటానికి ఆ లెక్క చేతిలో ఉండాలి. అడిగినప్పుడు "తల్లులే చూసుకోవాలి గాని" అనేవారు తప్పక ఉంటారు. వారిని ఒక పూట కోతకు రమ్మనండి.